చేయి వదలనన్న మాట

మా ఇంటి ముందుగదిలో, పుస్తకాల బీరువా మీద ఒక ఫోటో ఉంది. లేతనీలం నీటిలో, నారింజరంగు లైఫ్ జాకెట్ తొడుక్కున్న ఒక స్త్రీ బోర్లా తేలుతూ ఉంటుంది. ముఖం కనపడదు. చేతులు రెండూ బారజాపి ఉంటాయి. కింద, నాలుగు నిలువుల లోతున, పగడపు దిబ్బ నీడ. ఆ స్త్రీ మా ఆవిడేనని తెలిసి ఇంటికి వచ్చినవారు ఆశ్చర్యపోతారు. ఆ వెంటనే, "మరి మీరేరీ?" అని నన్నడుగుతారు.

మొదట్లో ఒకరిద్దరితో "ఫోటో తీసింది నేనే కదండీ" అని చెప్పాను. మా ఆవిడ ఖండించలేదు. వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుతూ గిన్నెల చప్పుడు మాత్రం కాస్త గట్టిగా చేసింది. అప్పటినుంచీ ఆ అబద్ధం మానేశాను. ఆ ప్రశ్నకు అసలు సమాధానం ఇక్కడ వ్రాద్దామని చాలా రోజులుగా అనుకుంటూ, సిగ్గుతో వాయిదా వేస్తూ వచ్చాను.

2024 అక్టోబరులో మా పెళ్ళై పాతికేళ్ళు నిండాయి. అమెరికాలో ఉన్న మా అమ్మాయి మమ్మల్ని అడగకుండానే మారిషస్‌కు టిక్కెట్లు కొని పంపింది. హైదరాబాదు నుంచి ముంబయి, అక్కడినుంచి ఆరుగంటల పైచిలుకు విమానం. ఆరు పగళ్ళు, అయిదు రాత్రులు. అందులో మూడవరోజు "తెరచాప పడవలో రోజంతా విహారం, మధ్యలో స్నార్కెలింగ్, మధ్యాహ్న భోజనం సహా" అని ఉంది. ఆ మాట చదివి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

మా ఆవిడది భీమునిపట్నం. పుట్టి పెరిగిన ఇంటి అరుగు మీద కూర్చుంటే సముద్రపు హోరు వినిపిస్తుంది. అయినా పెళ్ళయ్యేవరకూ ఆమె మోకాలి లోతు దాటి సముద్రంలోకి దిగలేదు. అన్నదమ్ములు అలల మీద ఈదుతూ ఉంటే ఒడ్డున వాళ్ళ చెప్పులకూ చొక్కాలకూ కాపలా కూర్చునేదట. కార్తీకపున్నమి నాడు సముద్రస్నానానికి వెళ్ళినా నాయనమ్మ మణికట్టు పట్టుకుని మూడు మునకలు వేయించి ఒడ్డుకు లాక్కొచ్చేదట. "ఆడపిల్లలకి ఈతలేమిటి" అన్నదే తప్ప, ఎందుకు కూడదో ఎవరూ చెప్పలేదు. పెళ్ళయ్యాక నేను మాత్రం ఏం చేశాను? కూకట్‌పల్లిలో కాపురం పెట్టాను. అక్కడ నీళ్ళంటే ట్యాంకర్లో వచ్చేవే.

నా సంగతి వేరు. మాది కోనసీమ. ఆనకట్ట కట్టి గోదావరి నీటిని పొలాల్లోకి మళ్ళించిన కాటన్ దొర పుణ్యమా అని మా ఇంటి వెనకే కాలువ. ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి మా చిన్నాన్న నన్ను ఆరేళ్ళ వయసులో కాలువలోకి తోసేశాడు. పది రోజుల్లో బుర్రలు లేకుండా అవతలి గట్టుకు చేరాను. ఈ కథ పాతికేళ్ళలో మా ఆవిడకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు. అందుచేత ఆ ముందురోజు రాత్రి హోటల్ గదిలో ఆమె, "నాకు భయంగా ఉందండీ. మీరు నా చేయి వదలరు కదా?" అని అడిగినప్పుడు నవ్వొచ్చింది.

"ఎలా వదులుతాను? ఏడడుగులు నడిచినప్పుడు పట్టుకున్న చెయ్యి" అన్నాను. కాస్త నాటకీయంగానే అన్నాను. ఆమె నమ్మింది.

పడవ ఎక్కవలసిన చోటు ద్వీపానికి ఆగ్నేయాన, ప్వాంత్ జెరోమ్ అనే రేవు. పక్క ఊరి పేరు మహేబూర్ అని వ్రాసి మాయ్‌బూర్ అన్నట్టు పలుకుతారు. మేము దిగిన బ్లూబే నుంచి కారులో కొద్ది నిమిషాల దూరం. దారిపొడవునా చెరకు. పొద్దుటి ఎండలో చెరకుతోటల మీద గాలి వీస్తుంటే, ఇది పరాయిదేశమని ఒక్కోసారి మరచిపోతాము. ఆ చెరకు కోయడానికే కదా మనవాళ్ళను పడవలెక్కించి తీసుకువచ్చింది! 1834 నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షలమంది కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. వారు ఎక్కిన మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. ముందురోజే చూసి వచ్చాము. అక్కడి నల్లరాతి మెట్ల మీద మా ఆవిడ చెప్పులు విప్పి నిలబడింది. గుడి కాదు కదా అంటే, "తెలుసు" అంది.

మా పడవ కాటమరాన్ జాతిది. రెండు సన్నటి పడవలను పక్కపక్కన పెట్టి, పైన చెక్కబల్ల పరచి కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కాటమరాన్ అన్న ఆంగ్లపదానికి మూలం తమిళుల కట్టుమరం. కట్టిన మానులు అని అర్థం. విశాఖతీరంలో మన జాలరులు వేటకు వెళ్ళే తెప్ప దీనికి పెద్దక్క అన్నమాట. ముందుభాగంలో రెండు పడవలకూ మధ్య వలలాంటిది బిగించి కట్టారు. దాని మీద పడుకుంటే కింద నీళ్ళు పరుగెత్తుతూ కనిపిస్తాయి. సుమారు ఇరవైమందిమి ఉన్నాము. ఒక ఫ్రెంచి జంట, దక్షిణాఫ్రికా నుంచి పిల్లాపాపలతో వచ్చిన కుటుంబం, కొత్తగా పెళ్ళైన గుజరాతీ పిల్లలు. మాకంటే పెద్దవాళ్ళు ఎవరూ లేరు.

పడవను నడిపే సరంగు అరవై దాటిన మనిషి. సాయానికి ఇద్దరు కుర్ర కళాసులు. చిన్న పడవలోంచి పెద్ద పడవలోకి మారేటప్పుడు నేను హడావిడిగా కాలు వేయబోతే ఆ సరంగు నా వైపు చూసి, "దుస్మాన్, దుస్మాన్!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ముక్కూమొహం తెలియని వాణ్ణి పట్టుకుని శత్రువనడమేమిటి! తరువాత తెలిసింది, వారి క్రియోల్ భాషలో దుస్మాన్ అంటే "నెమ్మదిగా" అని. ఫ్రెంచి మాటకు వచ్చిన రూపమట. ఆ రోజు సాయంత్రానికి ఆ మాట నాకు చాలాసార్లు చెప్పవలసి వచ్చింది పాపం ఆయనకు.

మొదట యంత్రం మీదనే బయలుదేరాము. ఐగ్రెట్ దీవి పక్కనుంచి వెళ్ళాము. నల్లతుమికి చెట్ల అడవిని, గులాబిరంగు పావురాలను అక్కడ కాపాడుతున్నారు. డోడో పక్షిని పోగొట్టుకున్న దేశానికి ఆ పాఠం బాగానే ఎక్కింది. తెల్లటి నురుగుగీత కనిపిస్తున్న వైపు చేయి చూపి సరంగు చెప్పాడు. 2020 జులైలో వకాషియో అనే పెద్ద ఓడ అక్కడే దిబ్బ మీదికెక్కి ఇరుక్కుపోయింది. ఆగస్టులో దాని పొట్ట పగిలి దాదాపు వెయ్యి టన్నుల నూనె ఈ నీళ్ళలోకి కారింది. ఊరివాళ్ళందరూ చెరకు ఆకులను సంచుల్లో కూరి, పొడవాటి దిండ్లలా కుట్టి, నూనె ఒడ్డుకు రాకుండా నీటి మీద అడ్డుకట్టలు వేశారు. కొందరు తమ జుట్టు కత్తిరించి ఇచ్చారు, జుట్టు నూనెను పీలుస్తుందని. "మా ఇంట్లో ఆడవాళ్ళు మూడురోజులు పడుకోలేదు. నా చేతులకు ఆ వాసన నెలరోజులు పోలేదు" అన్నాడు. ఆ మాట అంటూ చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు, ఇంకా ఉందేమో అన్నట్టు.

దీవి దాటాక తెరచాప ఎత్తారు. కళాసులిద్దరూ తాడు లాగుతుంటే ఆ తెల్లటి గుడ్డ పటపటా కొట్టుకుంటూ పైకి పాకింది. సరంగు చుక్కాని కొద్దిగా తిప్పాడు. గుడ్డ కొట్టుకోవడం ఆగి ఒక్కసారి కడుపు నిండిన దానిలా ఉబ్బింది. యంత్రం ఆపేశాడు.

ఆ నిశ్శబ్దాన్ని ఎలా చెప్పను? అప్పటిదాకా నిశ్శబ్దం కాని దానినే నిశ్శబ్దమనుకుంటూ బ్రతికాననిపించింది. పడవ అంచులకు నీరు రాసుకునే చప్పుడు, తాళ్ళు కిర్రుమనడం, అంతే. ఆ సముద్రంలో ఏడాదిలో ఎక్కువకాలం ఆగ్నేయపు గాలే వీస్తుంది. మేము ఉత్తరానికి పోతున్నాము కాబట్టి అది మా కుడిభుజం వెనకనుంచి వచ్చి పడవను తోస్తున్నది. కుడివైపు దూరంగా పగడపు దిబ్బ మీద అలలు విరిగి తెల్లగా లేస్తున్నాయి. ఆ గీతకు అవతల ముదురునీలపు మహాసముద్రం, ఇవతల ఆకుపచ్చని నీరు. దాదాపు ద్వీపం చుట్టూ ఈ దిబ్బ ప్రహరీగోడలా ఉంది. ఎడమవైపు సింహపు కొండ. ముందుకాళ్ళు చాచి కూర్చున్న సింహంలా ఉంటుందని ఆ పేరు. దాని కిందనే 1598లో డచ్చివారు దిగి ఈ ద్వీపానికి తమ రాకుమారుడి పేరు పెట్టారు. భీమిలిలో డచ్చివారి సమాధుల పక్కనుంచి బడికి వెళ్ళిన మా ఆవిడకు ఈ సంగతి చెబితే, "వాళ్ళు ఇక్కడికీ వచ్చారూ!" అంది, చుట్టాల సంగతి చెప్పినట్టు. 1810 ఆగస్టులో ఇదే అఖాతంలో ఫ్రెంచివారు ఆంగ్లేయుల నౌకలను ఓడించారు. పారిస్ విజయతోరణం మీద ఆ యుద్ధం పేరు చెక్కి ఉంది. అదే సంవత్సరం డిసెంబరుకు ద్వీపం ఆంగ్లేయుల చేతిలోకి పోయింది. తోరణం మీద ఆ సంగతి ఉండదు మరి.

మా ఆవిడ బొట్టు చూసి సరంగు, "ఇండియాలో ఎక్కడ?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఆంధ్ర అనగానే ఆయన చుక్కాని మీద చేయి తీసి ఛాతీ మీద పెట్టుకున్నాడు. "తెలుగూ!" అన్నాడు. ఆయన తాతకు తాత కూలీగా వచ్చినవాడు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఆనాటి దస్తావేజులు భద్రపరిచారు. వెళ్ళి వెతికించుకున్నాడట. ఒక సంఖ్య, వయసు, ఎత్తు, తండ్రి పేరు, జిల్లా. "విజగపట్నం" అని పలికాడు ఆయన. మా ఆవిడ వల మీద నుంచి లేచి కూర్చుంది.

"మా జిల్లా!" అంది తెలుగులో. ఆయనకు అర్థమయింది.

అక్కడి తెలుగువారి ఇంటిపేర్లు విన్నారా ఎప్పుడైనా? అప్పడు, అప్పలసామి, సన్యాసి. ఉత్తరాంధ్ర పల్లెల్లో మనిషికి పెట్టే పేర్లు, గుమాస్తా పుస్తకంలోకి ఎక్కి, తరతరాలకూ ఇంటిపేర్లై కూర్చున్నాయి. ఈయనదీ ఆ కోవలోదే. తెలుగు మాట్లాడలేడు. నాయనమ్మ నుంచి వచ్చిన మాటలు కొన్ని మాత్రం మిగిలాయి. అమ్మోరు. గోవిందా. సింహాద్రి అప్పన్న. ఉగాదికి దేశమంతా సెలవని, తన మనవరాలు బడిలో తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్నదని చెప్పాడు. మా ఆవిడ ఆయనకు ఎదురుగా కూర్చుని "అమ్మోరికి మీరేం పెడతారు?" మొదలుకొని ప్రశ్నలు వేస్తూ ఉంటే, ఆమెకు వచ్చిన ఇంగ్లీషు, ఆయనకు వచ్చిన తెలుగు కలిసి ఎలాగో నడిచిపోయాయి. ఆ మూలపురుషుడు సముద్రం మీద వారాల తరబడి వచ్చి ఉంటాడు. ఒడ్డు కనపడని రోజుల్లో ఏమనుకున్నాడో! మేము గాలికి జుట్టు ఎగరేసుకుంటూ పళ్ళరసం తాగుతున్నాము.

సరే, అసలు సంగతికి వస్తాను.

పదిన్నర ప్రాంతాన దిబ్బకు లోపలివైపు ఒకచోట తెరచాప దించారు. లంగరు వేస్తే పగడాలు విరుగుతాయని నీటిలో తేలుతున్న బోయాకు పడవను కట్టారు. అందరికీ లైఫ్ జాకెట్లు, కాళ్ళకు బాతుపాదాల వంటి తొడుగులు, ముఖానికి అద్దం, నోట్లో పెట్టుకునే ఊపిరిగొట్టం ఇచ్చారు. అద్దం ముక్కును కూడా మూసేస్తుంది. ఊపిరి నోటితోనే పీల్చాలి, నోటితోనే వదలాలి. గొట్టంలోకి నీళ్ళు వస్తే గట్టిగా ఊదితే పైకి చిమ్ముతాయి. చెప్పడానికి ఇంతే.

నా ముఖానికి అద్దం పెట్టి చూసి కళాసి కుర్రవాడు తల అడ్డంగా ఊపాడు. నా మీసాన్ని చూపించాడు. అద్దపు రబ్బరు అంచు చర్మానికి అంటుకుంటేనే నీరు రాదు, మీసం ఉంటే సందు ఉంటుంది. వాజలైన్ డబ్బా తెచ్చి రాసుకోమన్నాడు. గుజరాతీ పిల్లలు చూస్తున్నారు. నాకు నామోషీ అనిపించింది. "అవసరం లేదు, నాకు ఈత బాగా వచ్చు" అన్నాను. సరంగు అటునుంచి మళ్ళీ "దుస్మాన్" అన్నాడు. వినలేదు.

మా ఆవిడ మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. పంజాబీ డ్రెస్సు మీద జాకెట్ బిగించుకుని, మంగళసూత్రాలు లోపలికి దోపుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని పడవ మీద కూర్చునే పదినిమిషాలు ఊపిరి పీల్చి వదులుతూ అభ్యాసం చేసింది. తరువాత నా చేయి పట్టుకుంది. ఆమె అరచెయ్యి చల్లగా ఉంది. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే దిగాము.

తల నీటిలో పెట్టాము.

కింద మరో ఊరు ఉంది. పుట్టగొడుగుల్లా, మెదడుల్లా, జింకకొమ్ముల్లా పగడాలు. కొన్ని ముదురు గోధుమరంగువి, కొన్ని ఊదావి, కొన్ని చచ్చి తెల్లబోయినవి. నీరు వేడెక్కితే పగడపు జీవి తనకు అన్నం పెట్టే నాచును బయటకు వెళ్ళగొట్టి పాలిపోతుంది, వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. ఆ తెల్లటి చోట్లను కూడా మొదట అందమే అనుకున్నాను. నల్లచారల పసుపు చేపలు గుంపుగా మా అద్దాల ముందుకొచ్చి చూసి పోయాయి. ఒక నీలిపచ్చ చిలుకచేప దిబ్బను కొరుకుతున్నది. మా ఆవిడ నా చేతిని నొక్కింది. నేనూ నొక్కాను. రెండు నిమిషాలు, మహా అయితే మూడు. నా జీవితంలోని మంచి నిమిషాలలో అవి తప్పక ఉంటాయి.

ఆ తరువాత అద్దంలో అడుగున నీటిగీత కనిపించింది. అది నెమ్మదిగా పైకి లేచి ముక్కు దాకా వచ్చింది. నోటితో పీల్చాలని తెలుసు. కాని నలభై ఆరేళ్ళ కిందట కాలువలో నేర్చుకున్న శరీరం ముక్కుతో పీల్చింది. ఉప్పునీరు సూటిగా తలలోకెక్కింది. దగ్గు వచ్చింది. దగ్గుతూ గొట్టాన్ని వదిలేశాను. ఇంకో గుక్క. కళ్ళు మండుతున్నాయి, ఏమీ కనపడదు. మా కాలువలో ఈదినప్పుడు తల ఎప్పుడూ నీటిపైనే ఉండేది. అవతలి గట్టు ఎప్పుడూ కనపడుతూ ఉండేది. ఇక్కడ గట్టు లేదు.

తరువాత నాకు గుర్తున్నది నిచ్చెన కడ్డీని రెండు చేతులతో పట్టుకోవడం. గమనించారు కదా, రెండు చేతులతో.

పడవ మీదికెక్కి మోకాళ్ళ మీద కూర్చుని కక్కినంత పని చేశాను. ఎవరో నీళ్ళసీసా ఇచ్చారు. ముఖం తుడుచుకుని, ఊపిరి నిలదొక్కుకుని, అప్పుడు, అప్పుడు మాత్రమే, నా కుడిచేతి వంక చూసుకున్నాను.

లేచి చూస్తే పడవకు ముప్ఫై గజాల దూరాన నారింజరంగు జాకెట్ ఒకటి బోర్లా తేలుతున్నది. కదలిక లేదు. చేతులు బారజాపి ఉన్నాయి. ముఖం నీటిలో ఉంది. పేరు పెట్టి అరిచాను. కదలలేదు. మళ్ళీ అరిచాను. గోదావరిలో ఈత రాని మనుషులు దొరికినప్పుడు ఎలా ఉంటారో కోనసీమలో పెరిగినవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. నా కాళ్ళు వణికి, దూకుదామంటే రెయిలింగు మీద చేతులు రాలేదు. ఆ క్షణంలో నేను దూకలేదు. ఇది వ్రాయకపోతే ఇదంతా వ్రాసి ప్రయోజనం లేదు.

సరంగు వచ్చి నా భుజం మీద చేయి వేశాడు. "గొట్టం కొస చూడు" అన్నాడు. కళ్ళు చికిలించి చూశాను. గొట్టం నిటారుగా ఉంది. దాని కొసనుంచి కొద్దికొద్దిగా నీటి తుంపర చిమ్ముతోంది. ఆగి, మళ్ళీ. ఆగి, మళ్ళీ. "చెవులు నీళ్ళలో ఉన్నాయి, నీ కేక వినపడదు. నా కుర్రవాడు పక్కనే ఉన్నాడు" అన్నాడు. నిజమే. ఆమెకు రెండు బారల దూరంలో కళాసి తల కనిపించింది. నేను చెయ్యి విడిచిన మరుక్షణం అతడు వెళ్ళాడట. నా కంటికి ఇంతసేపూ ఆనలేదు.

ఆ తుంపర చూస్తూ నిలబడ్డాను. పాతికేళ్ళు ఒకే మంచం మీద పడుకున్న మనిషి ఊపిరిని అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. ఆమె మరో ఇరవై నిమిషాలు పైకి రాలేదు. ఆ ఫోటో కళాసి తీసింది అప్పుడే.

పైకి వచ్చాక ఆమె కళ్ళ చుట్టూ అద్దపు ముద్ర ఎర్రగా పడి ఉంది. నవ్వుతోంది. "ఏమండీ, ఆ చిలుకచేప కొరికే చప్పుడు విన్నారా? మరమరాలు నమిలినట్టు! టకటకటక!" అంది. నేను వినలేదన్నాను. కొరికిన పగడాన్ని ఆ చేప పొడి చేసి ఇసుకగా విసర్జిస్తుందనీ, ఈ తెల్లటి ఇసుకలో కొంత దాని పుణ్యమేననీ కళాసి చెప్పాడు. "అయితే మనం నడిచేది..." అని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. చెయ్యి విడిచిన మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం సంగతులు క్లుప్తంగా చెబుతాను. ఆగ్నేయనది సముద్రంలో కలిసేచోట ఒక చిన్న జలపాతం, రాళ్ళ మీద కోతులు. పడవ మీదనే నిప్పుల మీద కాల్చిన చేప, కోడి, కాబేజీ పచ్చడి, రమ్ము. కళాసులు సేగా పాటలు పాడారు. గుజరాతీ పిల్లలు నాట్యమాడారు. మా ఆవిడ చేపముక్క చేతిలో పట్టుకుని, "ఇందాక చూసిన వాటిలోది కాదు కదా?" అని అడిగి, కాదని రూఢి చేసుకున్నాకే తిన్నది. నాకు ఏదీ రుచించలేదు.

లేళ్ళదీవి అనదగిన ఈల్-ఓ-సెర్ఫ్ మీద రెండుగంటలు వదిలారు. లేళ్ళు లేవు, సరుగుడు చెట్లు ఉన్నాయి, అచ్చం మా అంతర్వేది ఒడ్డులాగే. చెట్ల కింద కూర్చున్నాక, ఇక ఆగలేక అన్నాను.

"నీ చేయి వదిలేశాను."

ఆమె ఇసుకలో వేలితో గీతలు గీస్తూ కాసేపు ఊరుకుంది. "వదల్లేదండీ" అంది.

"వదిలాను. నాకు తెలుసు."

"వదల్లేదు. విదిలించారు" అంది. కుడి మణికట్టు తిప్పి చూపించింది. నా గోళ్ళు గీరిన మూడు చారలు. ఉప్పునీటికి ఎర్రగా ఉబ్బాయి.

కోపంగా అనలేదు. అదే బాధ. కూరలో ఉప్పు ఎక్కువయిందని చెప్పినట్టు, ఉన్నదున్నట్టు చెప్పింది. కొంతసేపటికి, "నేను గట్టిగా పట్టుకున్నాను లెండి. మీకు ఊపిరాడక విదిలించుకున్నారు. నాయనమ్మ చేయి నేనూ విదిలించుకోవాలనే చూసేదాన్ని" అంది. ఆ పోలిక నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా అర్థమయిందని చెప్పలేను. చారల మీద రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. రుమాలు మంచినీటితో తడిపి చుట్టాను. ఆమె చుట్టనిచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి. తెరచాప చుట్టేసి యంత్రం మీదనే వచ్చాము. ఆ చప్పుడులో మాట్లాడవలసిన అవసరం తప్పింది. రేవులో దిగేటప్పుడు సరంగు మా ఆవిడకు రెండు చేతులూ జోడించి, చాలాసేపు వెతుక్కుని, "పోయి రండి" అన్నాడు. ఆయన నాయనమ్మ అనేదట. ఆ "రండి" అన్నమాట విని మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ రాత్రి స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి గడ్డపు కత్తి చేతిలోకి తీసుకున్నాను. ముప్ఫై ఏళ్ళ మీసం. నురుగు రాసుకున్నాక ఆమె వచ్చి చూసి చటుక్కున చెయ్యి పట్టుకుంది. "మామయ్యగారు నిక్షేపంలా ఉండగా ఏమిటండీ ఆ పని! రేపు వీడియోలో చూస్తే ఆయన గుండె ఆగిపోదూ?" అంది. నిజమే, తండ్రి ఉన్నవాడు మీసం తీయించుకోకూడదన్నది మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తున్న పట్టింపు. ఎనభై నాలుగేళ్ళ మా నాన్న గుర్తుకొచ్చి నురుగు కడిగేసుకున్నాను.

మర్నాడు ఉదయం బ్లూబే ఒడ్డుకు నడిచి వెళ్ళాము. అక్కడి పగడాలు ఒడ్డుకు దగ్గరే. రక్షిత ప్రాంతం. అద్దెకు తెచ్చుకున్న అద్దాలు ఇసుకలో పెట్టి ఆమె తన చేతిసంచిలోంచి చిన్న వాజలైన్ డబ్బా తీసింది. ఎప్పుడు కొన్నదో తెలియదు. నన్ను కూర్చోమని, వేలితో నా మీసానికి అటు చివరనుంచి ఇటు చివరదాకా దట్టంగా పట్టించింది. పక్కనుంచి పోతున్న పిల్లలు చూసి నవ్వారు. అద్దం పెట్టి, అంచు చుట్టూ బొటనవేలితో నొక్కి సరిచూసింది.

నడుములోతుకు వెళ్ళాక నేను చేయి చాపాను. ఆమె అందుకోలేదు. తన జాకెట్ వెనక వేలాడుతున్న పట్టీని నా చేతిలో పెట్టింది.

"మీరు ఇది పట్టుకోండి. ఊపిరాడకపోతే వదిలెయ్యండి, విదిలించకండి" అని, గొట్టం నోట్లో పెట్టుకోబోతూ ఆగి, సరంగు గొంతు అనుకరిస్తూ "దుస్మాన్" అంది. తల నీటిలో పెట్టి ముందుకు సాగింది. పట్టీ బిగిసింది.